బైకు, కారు, రోడ్డు భద్రత: హైదరాబాద్ వాహనదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు నగరంలో రోజూ బైకో కారో నడిపేవారు తరచుగా వేసేవే. చట్టం ఏమంటుందో చెప్పవలసిన చోట చెప్పాం. అయితే చట్టం తెలియకపోవడం వల్ల జరిగే ప్రమాదాలు తక్కువ కాబట్టి, ఎక్కువ చోటు మనుషుల ధోరణికే ఇచ్చాం.

బైకు నడిపేవారూ కారు నడిపేవారూ ఒకరి మీద ఒకరు అంతగా ఎందుకు విసుక్కుంటారు?

రోడ్డు ఒకటే అయినా అది ఇద్దరికీ ఒకేలా కనిపించదు. కారులో కూర్చున్న మనిషికి రోడ్డంటే వరుస: ముందొక బండి, వెనకొక బండి, మధ్యలో తన చోటు. బైకు మీద ఉన్న మనిషికి రోడ్డంటే ఖాళీ: ఎక్కడ జానెడు సందు దొరికితే అక్కడ దారి ఉన్నట్టే. అమీర్‌పేటలో ఎర్రదీపం పడగానే ఈ రెండు లెక్కలూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. కారు అద్దానికి హ్యాండిల్ తగిలించి ముందుకు దూరిన బైకు కారువారికి క్రమశిక్షణ లేనితనంగా తోస్తే, రెండు వరుసలకూ అడ్డంగా నిలిచిన కారు బైకువారికి ఒట్టి పొగరుగా తోస్తుంది.

దీనికి తోడు, తన డ్రైవింగు సగటు కన్నా మెరుగని నమ్మడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. స్వీడన్ పరిశోధకుడు స్వెన్సన్ 1981లో ప్రచురించిన అధ్యయనంలో, అడిగిన అమెరికా విద్యార్థుల్లో 93 శాతం మంది నైపుణ్యంలో తమను పై సగంలోనే వేసుకున్నారు. తన డ్రైవింగులో లోపం లేదనుకునేవారికి రోడ్డు భద్రత అంటే ఎదుటివాళ్లు మారడమే. మన దగ్గర కారువారిని అడిగితే ట్రిపుల్ రైడింగు గురించి, రాంగ్ రూట్ గురించి చెబుతారు. బైకువారిని అడిగితే ఇండికేటర్ వేయకుండా తిరిగే కార్ల గురించి, చూడకుండా తెరిచే డోర్ల గురించి చెబుతారు. రెండు జాబితాలూ నిజమే. తమ పేరు మాత్రం ఏ జాబితాలోనూ ఉండదు.

కారు నడిపేవారిలో చాలామంది ఒకప్పుడు బైకు మీద తిరిగినవారే కదా. ఆ అనుభవం ఎందుకు అక్కరకు రావడం లేదు?

బ్రిటన్‌లో కారు డ్రైవర్ల మీద జరిగిన పరిశోధనల్లో ఒక విషయం స్పష్టంగా తేలింది. కారుతో పాటు బైకు కూడా నడిపేవారికి బైకువారి ఇబ్బందులు బాగా తెలుసు, వారి పట్ల సానుకూలంగానూ ఉంటారు. ఇంట్లోవారో దగ్గరి స్నేహితులో బైకు నడిపే డ్రైవర్లు బైకులను ఢీకొనడం తక్కువని కూడా గమనించారు. ఆ లెక్కన హైదరాబాద్ కార్లు బైకులకు ఎంతో అనుకూలంగా ఉండాలి, ఎందుకంటే ఇక్కడ బైకు లేని కుటుంబమే అరుదు.

అలా జరగకపోవడానికి కారణం, మా అభిప్రాయంలో, ఆ అనుభవం పాతబడిపోవడమే. ఇప్పుడు కూడా బైకు నడుపుతూ ఉండడం వేరు, పదేళ్ల కిందట నడిపి ఉండడం వేరు. బైకు అమ్మేసి కారు కొన్నవారికి కంకర మీద చక్రం జారినప్పటి గుండెదడ గుర్తుండదు, సందుల్లోంచి దూరి ముందుకు వెళ్లిన రోజులు మాత్రం గుర్తుంటాయి. అందుకే ఇవాళ అదే పని చేసేవారిని చూస్తే జాలి బదులు చిరాకు కలుగుతుంది. పైగా మనిషి ధోరణి చాలావరకు అతను కూర్చున్న సీటును బట్టే ఉంటుంది. ఆఫీసుకు కారులో వెళ్తూ బైకువారిని తిట్టుకున్న పెద్దమనిషే ఆదివారం పొద్దున హెల్మెట్ లేకుండా స్కూటీ మీద పాల ప్యాకెట్లకు వెళ్తాడు, అదీ రాంగ్ రూట్‌లో.

ప్రమాదం జరిగాక కారువారు "బైకు కనిపించలేదు" అంటారు. అది నిజమా, సాకా?

చాలాసార్లు నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. అమెరికాలో లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను ఘటనా స్థలంలోనే పరిశీలించి 1981లో వెలువరించిన హర్ట్ నివేదిక, వేరే వాహనంతో ఢీకొన్న ప్రమాదాల్లో ప్రధాన కారణం ఆ వాహనం నడిపేవారు బైకును గుర్తించకపోవడమేనని తేల్చింది. వారు ఆ వైపు చూడలేదని దీని అర్థం కాదు. చూశారు, అయినా గమనింపులోకి రాలేదు. మలుపు దగ్గర కారు డ్రైవర్ కళ్లు వెతికేది మరో కారునో బస్సునో. బైకు ముందు భాగం సన్నగా ఉండడం వల్ల అది ఉన్నదాని కన్నా దూరంగా, నెమ్మదిగా వస్తున్నట్టు అనిపిస్తుంది. కారు ముందద్దానికి అటూ ఇటూ ఉండే స్తంభం వెనక ఒక బైకు మొత్తం దాక్కోగలదు. కారు, బైకు రెండూ కదులుతూ ఉంటే కొన్ని క్షణాల పాటు ఆ బైకు స్తంభం చాటునే ఉండిపోవచ్చు కూడా.

మన నగరంలో దీనికి మెట్రో స్తంభాలు తోడయ్యాయి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా చాలాచోట్ల డివైడర్ మీదే స్తంభాల వరుస ఉంది. వాటి మధ్య యూటర్న్ తీసుకునే చోట ఒకసారి నిలబడి చూడండి. కారు డ్రైవర్ ఉండేది బంపరుకు చాలా వెనక కాబట్టి, స్తంభం దాటి అవతలి రోడ్డు కనిపించే సరికే బానెట్ ఆ రోడ్డులోకి వచ్చేసి ఉంటుంది. డివైడర్ పక్కనే వేగంగా వచ్చే బైకు మనిషి ఆ బానెట్‌ను చూసి, తనను కారువారు చూశారనే అనుకుంటాడు. నిజానికి చూడలేదు. ఇలాంటి చోట కారువారు ఆగి, సీట్లోనే కొంచెం ముందుకు వంగి, స్తంభానికి అటూ ఇటూ రెండోసారి చూడాలి. బైకువారు యూటర్న్ వస్తోందని తెలియగానే డివైడర్‌ను వదిలి ఎడమకు జరిగి, వేగం తగ్గించాలి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులన్నింటికీ ఇంజన్ ఆన్ చేయగానే హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి చేసింది బైకు కనిపించకపోవడమనే ఈ సమస్య వల్లే. పగలు లైటు వెలుగుతోందని ఎదురొచ్చేవారు చేతులు ఊపి చెప్పినా, ఆ లైటు ఆపవలసిన పని లేదు.

అందుకే కదా హారన్ ఉన్నది?

అద్దాలు మూసి, ఏసీ వేసి, పాటలు పెట్టుకున్న కారులోకి బైకు హారన్ సరిగా చేరదు. చేరినా, అందరూ ఆగకుండా కొట్టే ఊళ్లో అది ఎవరి హారనో, ఎటు నుంచో తెలియదు. బ్రేకు చేయవలసిన పనిని హారన్‌కు అప్పగించకూడదు.

దగ్గరలోని దుకాణానికి వెళ్లడానికి కూడా హెల్మెట్ కావాలా?

కావాలి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, నడిపేవారైనా వెనక కూర్చున్నవారైనా, హెల్మెట్ పెట్టుకోవాలి. దూరాన్ని బట్టి మినహాయింపు లేదు. అడ్డొచ్చే కుక్కకు, మూత లేని మ్యాన్‌హోలుకు మీరు ఎంత దూరం వెళ్తున్నారో తెలియదు కదా.

అసలు సంగతి ఏమిటంటే, మనలో చాలామందికి హెల్మెట్ పోలీసుల కోసం పెట్టుకునే వస్తువు. కూడలికి 200 మీటర్ల దూరంలో మోచేతికి వేలాడే హెల్మెట్ తల మీదికి వస్తుంది, కూడలి దాటగానే ట్యాంకు మీదికి దిగుతుంది. పెట్టుకున్నా స్ట్రాప్ బిగించరు. పడినప్పుడు తల కన్నా ముందు ఎగిరిపోయేది ఆ స్ట్రాప్ లేని హెల్మెట్టే. గడ్డం కింద రెండు వేళ్లు పట్టేంత బిగువుగా స్ట్రాప్ ఉండాలి. లోపల ఉండే థర్మాకోల్ వంటి పొర నలిగి దెబ్బను తాను తీసుకోవడానికే ఉంది కాబట్టి, గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 4151 అనే ప్రమాణ సంఖ్య ఉందేమో చూసుకోండి. 2021 జూన్ 1 నుంచి ఆ ధ్రువీకరణ లేని బైకు హెల్మెట్లను అమ్మడమే నేరం. రోడ్డు పక్కన టోపీలా పేర్చి అమ్మేవాటిలో అనేకం చలానాను మాత్రమే ఆపగలవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం హెల్మెట్ సరిగా పెట్టుకుంటే ప్రమాదంలో చనిపోయే ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయి. 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది, వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. భర్త తలకు హెల్మెట్, వెనక ఒక పక్కకు కూర్చున్న భార్యకు ఏమీ లేదు, ముందు నిలబడిన పిల్లవాడికి ఎండ తగలకుండా తువ్వాలు: దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ సాయంత్రమైనా కనిపించే ఈ కుటుంబంలో చలానాకు భయపడినవారు ఒక్కరే. నాలుగేళ్ల లోపు పిల్లలను తీసుకెళ్లేటప్పుడు నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు, పిల్లల హెల్మెట్, గంటకు 40 కిలోమీటర్లకు మించని వేగం ఉండాలన్న నియమం 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది.

మే నెలలో హెల్మెట్ ఉక్కపోత భరించరానిదన్న మాట నిజం, కాదనడం లేదు. జుట్టు రాలుతుందన్నది మాత్రం అపోహ. వెనక శబ్దాలు వినిపించవనేవారు ముందుగా మడిచి పెట్టిన అద్దాలను తెరిచి సరిచేసుకోవాలి. 2021 సెప్టెంబరులో నటుడు సాయి ధరమ్ తేజ్ కేబుల్ బ్రిడ్జి సమీపంలో బైకు జారి తీవ్రంగా గాయపడ్డారు. హెల్మెట్ వల్లే బతికానని తర్వాత ఆయనే బహిరంగ వేదికల మీద చెప్పారు.

కారులో ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. సీటు బెల్టు, అందులోనూ వెనక సీట్లో, అవసరమా?

ఎయిర్‌బ్యాగు సీటు బెల్టుకు తోడుగా పనిచేసేలా తయారైనది. బెల్టు శరీరాన్ని పట్టి ఉంచితే ఎయిర్‌బ్యాగు తలను కాపాడుతుంది. బెల్టు లేకపోతే అప్పటికే ముందుకు దూసుకొచ్చిన శరీరాన్ని విచ్చుకుంటున్న బ్యాగు ఎదురు కొడుతుంది. వెనక కూర్చున్నవారు బెల్టు పెట్టుకోకపోతే వారి బరువంతా ముందు సీటు మీద పడుతుంది కాబట్టి, అది వారొక్కరి వ్యవహారం కాదు. 2022 సెప్టెంబరు 4న వ్యాపారవేత్త సైరస్ మిస్త్రీ మరణించింది వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్నప్పుడే. అంతకు ముందు 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ కారు బోల్తా పడి ఆయన బయటికి విసిరివేయబడ్డారు, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు అప్పట్లో చెప్పారు.

బెల్టు పెట్టుకోమని కారు మోగుతుంటే ఆ మోత ఆపడానికి కొక్కెంలో దూర్చే క్లిప్పులు కొనేవారు ఉన్నారు. వాటిని అమ్మవద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో ఆన్‌లైన్ దుకాణాలను ఆదేశించింది. కారువారు బైకువారి మీద చేసే ఫిర్యాదుల్లో "చలానా కోసమే హెల్మెట్" అన్నది ఒకటి. ఈ క్లిప్పు దానికి అన్నదమ్ముడే.

రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వేగంగా వెళ్తే తప్పేమిటి?

పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులతో, బ్రేకు తొక్కాలన్న ఆలోచనకు ఒక్క సెకను మాత్రమే పట్టిందనుకున్నా, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఆగడానికి దాదాపు 20 మీటర్లు పడుతుంది. 60లో 36 మీటర్లు, 120లో 110 మీటర్లకు పైనే. వేగం మూడు రెట్లైతే ఆగే దూరం అయిదు రెట్లకు మించుతోంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 11.6 కిలోమీటర్లు. దాన్ని 60 బదులు 80లో దాటితే మిగిలేది మూడు నిమిషాల లోపే.

2019 నవంబరులో, ప్రారంభమై నెల కూడా కాని బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి ఒక కారు కింది రోడ్డు మీద పడింది. అది గంటకు 100 కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చిందని పోలీసులు తేల్చారు. చనిపోయింది కింద ఉన్న మహిళ. కొత్త ఫ్లైఓవర్ ఎక్కగానే సిగ్నళ్లు లేవన్న ఉత్సాహంలో చాలామంది అక్కడ మలుపు కూడా ఉందన్న సంగతి మరిచిపోతారు. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద 2023లో గరిష్ఠ వేగాన్ని 120కి పెంచారు. అక్కడ బైకులకు ప్రవేశం లేదు కాబట్టి అది పూర్తిగా కారువారి ధోరణికి పరీక్ష. కుడి చివరి వరుసలో వెనక నుంచి లైట్లు కొట్టి తరమడం, ఎడమ నుంచి దాటడం చూస్తే, వరుస అంటే తమకే తెలుసన్న కారువారి వాదన కొంత బలహీనపడుతుంది.

యూటర్న్ చాలా దూరంలో ఉంది. కొద్ది దూరం రాంగ్ రూట్‌లో వెళ్తే ఏమవుతుంది?

యూటర్న్‌లు దూరమయ్యాయన్న ఫిర్యాదులో న్యాయం ఉంది. కూడళ్లను మూసి బండ్లను ముందుకు పంపే పద్ధతిలో వంద అడుగుల అవతల ఉన్న చోటికి కిలోమీటరుకు పైగా తిరగవలసి వస్తోంది, పెట్రోలు కూడా ఊరికే రాదు. ఆ అసౌకర్యాన్ని అధికారులు పట్టించుకోవాలి.

అయినా రాంగ్ రూట్‌లో ముప్పు ఎవరికో చూడండి. ఎడమ వైపు నడిచే మన పద్ధతిలో, రోడ్డు దాటాలనుకునే మనిషి కాలిబాట దిగేటప్పుడు కుడికే చూస్తాడు. ఆ అంచునే ఎడమ నుంచి వచ్చే బైకు అతని లెక్కలో లేదు. సందులోంచి బయటికి వచ్చే కారు డ్రైవర్ కూడా అంతే. నిర్దేశించిన దిశకు ఎదురుగా నడపడాన్ని 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రమాదకర డ్రైవింగుగానే పేర్కొంటోంది. ఇది బైకువారి జబ్బు మాత్రమేనన్న మాట నిజం కాదు. అవుటర్ మీద దిగవలసిన చోటు దాటిపోయిందని కారును రివర్సులో తీసుకొచ్చేవారు చేస్తున్నదీ ఇదే పని, రెండింతల వేగం ఉన్న రోడ్డు మీద.

ఫోన్‌ను చెవికి పెట్టుకోకుండా మాట్లాడితే సరేనా?

చేతిలో పట్టుకోవడమే చట్టం స్పష్టంగా నిషేధించింది, కానీ హెల్మెట్ సందులో దూర్చిన ఫోన్ దృష్టిని మళ్లించడంలో ఏమీ తీసిపోదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు తెర వైపు చూస్తే బండి 28 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే. డెలివరీ కుర్రాళ్లు ఫోన్ చూస్తూ నడుపుతున్నారని విసుక్కునేవారు, ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందని దారిలో ఉన్న అతనికే ఫోన్ చేయడం మానితే కొంత మేలు.

ఒక్క బీరుతో ఏమవుతుంది?

పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. ఎవరికి ఎంతతో ఆ పరిమితి దాటుతుందో శరీరాన్ని బట్టి మారుతుంది కాబట్టి, "నాకు ఇంత వరకు పర్లేదు" అన్న లెక్కకు అర్థం లేదు. పట్టుబడితే కోర్టుకు వెళ్లాలి. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

చలానాలు ఎలాగూ రాయితీ ఇచ్చి మాఫీ చేస్తారు కదా, తొందరపడి కట్టడం దేనికి?

2022 మార్చిలోనూ 2023 డిసెంబరులోనూ తెలంగాణలో పెండింగు చలానాలపై భారీ రాయితీలు ఇచ్చారు, బైకులకు కార్ల కన్నా ఎక్కువ. బకాయిలు వసూలయ్యాయి గానీ, చలానాను జరిమానాగా కాక ఏడాది చివర బేరం కుదిరే బిల్లుగా చూసే అలవాటు దానితో పాటే బలపడిందని మా అభిప్రాయం. కెమెరాకు నంబరు దొరక్కుండా ప్లేటు వంచడం, మాస్కు తగిలించడం కూడా ఆ ధోరణిలోవే. అంత జాగ్రత్త స్ట్రాప్ బిగించడంలో చూపిస్తే అసలు చలానాయే రాదు.

ఇంటర్ చదివే మా అబ్బాయికి బండి బాగా వచ్చు. ట్యూషన్‌కు పంపవచ్చా?

గేర్లు లేని, 50 సీసీలోపు బండికి 16 ఏళ్లకు, మిగతావాటికి 18 ఏళ్లకు లైసెన్సు ఇస్తారు. ఇళ్లలో ఉండే స్కూటీలు దాదాపు అన్నీ 50 సీసీకి పైబడినవే. లైసెన్సు లేని మైనర్ నేరం చేస్తే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో వాహన యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

బైకు, కారు ఢీకొంటే తప్పు ఎప్పుడూ పెద్ద బండిదేనా?

రోడ్డు మీద గుమిగూడినవారి తీర్పు అదే. ఆ భయంతోనే కొందరు కారువారు ఆగకుండా వెళ్లిపోతారు, దాంతో చిన్న ప్రమాదం పెద్ద నేరంగా మారుతుంది. చట్టంలో బండి పరిమాణాన్ని బట్టి తప్పు నిర్ణయించరు. ప్రమాద పరిహార ట్రిబ్యునళ్లు ఇద్దరి నిర్లక్ష్యాన్నీ చూస్తాయి. బైకువారి పాత్ర కూడా ఉందని తేలితే పరిహారం ఆ మేరకు తగ్గవచ్చు. అయితే దెబ్బ సమానంగా ఉండదన్నది వేరే సంగతి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. కారుకు బంపరు నలిగే చోట బైకు మనిషికి ఎముక విరుగుతుంది. అందువల్ల తప్పు సగం సగమైనా, జాగ్రత్తలో పెద్ద వాటా కారువారు తీసుకోవాలన్నది మా మాట.

ప్రమాదం చూసి ఆగితే పోలీసు కేసులో ఇరుక్కుంటామా?

ఇరుక్కోరు. సహాయం చేసినవారిని వేధించకూడదన్న కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలమిచ్చింది. 2019 సవరణలో 134ఏ సెక్షన్‌గా అది చట్టంలోకే వచ్చింది. పేరు, ఫోన్ నంబరు చెప్పమని బలవంతపెట్టకూడదు, ఆసుపత్రి ఖర్చు అడగకూడదు. గాయపడినవారికి ఏడు రోజుల దాకా 1.5 లక్షల రూపాయల వరకు నగదు కట్టనవసరం లేని చికిత్స పథకం 2025 మే నుంచి ఉంది.

ముందు 108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న ఆ సేవ మొదలైంది మన హైదరాబాద్‌లోనే. ఫ్లైఓవర్ మీద ఉంటే ఏ వైపు వెళ్లే దారో, మెట్రో మార్గంలో ఉంటే దగ్గరలో ఉన్న స్తంభం మీద రాసిన నంబరు ఎంతో చెబితే అంబులెన్సు త్వరగా చేరుతుంది. పడినవారిని ఆటోలో ముడిచి కూర్చోబెట్టవద్దు, నీళ్లు తాగించవద్దు. చుట్టూ చేరినవారు మొదట చేయబోయే పని హెల్మెట్ లాగేయడమే. ఊపిరి ఆడుతూ ఉంటే దాన్ని తీయకుండా, గాలి తగిలేలా అద్దం మాత్రం పైకెత్తి, మెడ కదలకుండా తలను రెండు చేతులతో పట్టుకుని అంబులెన్సు వచ్చేదాకా ఉండండి. ఊపిరికి అడ్డుపడి తీయక తప్పకపోతే ఒకరు మెడను, దవడను కదలనివ్వకుండా పట్టుకుంటే మరొకరు స్ట్రాప్ విప్పి హెల్మెట్‌ను మెల్లగా తీయాలి.